దండ వేసిన కారు

స్వాతి మేడం పంతం పట్టింది.

సూర్యాపేటలో ఆ రోజు ‘కార్లు లేని ఆదివారం’. డప్పులు మోగుతున్నాయి, సైకిళ్లు బారులు తీరాయి, పిల్లల కేకలకు బజారు దద్దరిల్లుతోంది. సంబరమంటే అదీ!

“కార్లు కొనేటోళ్లే గని ఇడిసిపెట్టేటోళ్లు ఎవరున్నరు మేడం?” తోటి లెక్చరర్ అరుణ ఉడికించింది.

“సూస్తుండు! ‘నా కారు ఇగ నడప’ అని ఇయ్యాల ఒక్కరన్నా గీ స్టేజీ ఎక్కుతరు. ఎక్కకుంటే మళ్ల మైకు పట్టుకోను.”

అంతలోనే నల్లటి పొగ కక్కుతూ ఓ పాత డీజిల్ కారు వచ్చింది. ముందు బంతిపూల దండ, అద్దానికి కుంకుమ బొట్లు.

స్వాతికి ఒళ్లు మండింది. చేతులు చాచి అడ్డంగా నిలబడింది.

“బండి కొత్తగా కొన్నవా తాతా? పూజ చేయించనీకి ఇయ్యాలనే దొరికిందా?”

ముసలాయన తలపాగా సర్దుకున్నాడు.

“కొనలేదు బిడ్డా. సాగనంపనీకి వస్తున్న...”

“ఎవర్ని సాగనంపేదున్నా బస్సెక్కి పో! కారు గీడికి రావొద్దు.”

“రావొద్దా?”

“అసలే రావొద్దు!”

ఆయన బిక్కమొహం వేసి కారు వెనక్కి తిప్పాడు. జనం చప్పట్లు కొట్టారు, డప్పులు రెచ్చిపోయాయి. స్వాతి ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

కానీ సాయంత్రం దాకా స్టేజీ ఒక్కరూ ఎక్కలేదు.

జనం పలచబడుతుండగా ఓ ముసలమ్మ బస్సు దిగి గబగబా వచ్చింది.

“నా పేరు మణెమ్మ. మాది మునగాల. మా ఆయన ఐలన్న స్టేజీ ఎక్కిండా బిడ్డా?”

“ఏ ఐలన్న అవ్వా?”

“పోయిన వారం మా ఊర్ల బండ్ల పొగ గురించి మాట్లాడినవ్ గద. గప్పటిసంది ఆయనకు ఒకటే రంది, మన పొగ పసిపిల్లల ఊపిర్ల పోతదని. కారు నీ ముందటనే ఇడిసిపెడ్త అన్నడు. ఇన్నేండ్లు మనకు అన్నం పెట్టింది గదా అని పొద్దుగాల నేనే బొట్టుపెట్టి, దండేసి పంపిన.”

స్వాతి ఖాళీ స్టేజీ వైపు చూసింది.

మణెమ్మ భర్తకు ఫోన్ కలిపింది. అవతలి నుంచి గట్టిగా వినిపించింది.

“మేడమే రావొద్దన్నది. ఇగ మనమే నడుపుకుందాం తియ్. కోదాడ కిరాయి దొరికింది, పోతున్న.”

పొద్దుటి నుంచి ఏ ఒక్కరి కోసం కళ్లు కాయలు కాసేలా చూసిందో, ఆ ఒక్కరినే స్వాతి చప్పట్ల మధ్య వెనక్కి పంపేసింది.