రీలు అయ్యేదాకా

తాన్ పంతులుగారు చేతికర్ర ఎత్తుకుని మా స్టూడియోలోకి దూసుకొచ్చారు. సినిమాల్లో వేషాలేస్తున్న కూతుర్ని ఈడ్చుకుపోవడానికి సుజౌ నుంచి పొద్దుటి రైల్లో షాంఘై వచ్చారట.

"ఏదీ ఆ సిగ్గులేనిది? కాళ్ళు విరగ్గొట్టి తీసుకెళ్తా!"

అప్పుడు నేను కెమెరా పిడి తిప్పుతున్నాను. మా హీరోయిన్ సూయిన్, అంటే ఆయన కూతురే, విషం తాగి చనిపోయిన కోడలి వేషంలో నేలమీద పడి ఉంది. మొహం నిండా తెల్ల పౌడరు, పెదవి చివర ఎర్రరంగు.

షూటింగంటే ఎలా ఉంటుందో ఆయన ఎన్నడూ చూసినవారు కాదు. చేతిలో కర్ర జారిపోయింది. అక్కడే కూలబడి కూతురి తల ఒళ్ళోకి తీసుకున్నారు.

"లేవవే తల్లీ! నిన్నేమీ అననే! ఒక్కసారి కళ్ళు తెరువే!"

మూకీల రోజులు కాబట్టి మేం అరిచినా అడ్డు లేదు. "సూయిన్, లే! పెద్దాయన గుండె ఆగేలా ఉంది!" అని కేకేశాను.

ఆ పిల్ల కదల్లేదు. ఆయన ఏడుపు ఆగలేదు. డైరెక్టరు ఆపమనలేదు. చెమటలు కక్కుతూ తిప్పుతూనే ఉన్నాను.

రీలు అయిపోయాక సూయిన్ కళ్ళు తెరిచింది. పంతులుగారు దిగ్గున లేచి, అంగీ దులుపుకుని, కర్ర తీసుకుని వెళ్ళిపోయారు.

"షాటు కోసం కన్నతండ్రిని అంత ఏడిపిస్తావా?" అని మండిపడ్డాను.

"షాటు కోసం కాదన్నా" అంది సూయిన్. "నేను లేస్తే ఆయనకి మళ్ళీ పరువు గుర్తొస్తుంది. ఇంకాసేపు ఆయన కూతురిగా ఉందామనుకున్నా."