పోస్టర్ మీద కన్ను

ఆవిడ మళ్ళీ వచ్చింది.

మొహానికి చున్నీ, కళ్ళకు నల్లద్దాలు. ఏమీ కొనదు. కొట్టు గోడమీదున్న క్రీము పోస్టరు వంకే గుడ్లప్పగించి చూస్తుంది.

కొట్టు యజమానిని వీధంతా డేగకళ్ళ బాబాయి అంటారు. గుమ్మంలో అడుగుపెట్టిన మనిషి కొనేరకమో కొట్టేసేరకమో చూపుతోనే చెప్పేస్తానని ఆయన గొప్ప.

"ఏం కావాలమ్మా?"

"ఆ పోస్టరు ఇస్తారా?"

"దేనికి?"

"చింపేయడానికి."

పోటీ కంపెనీ మనిషే, సందేహం లేదు! ఆ తెల్లబడే క్రీము తెగ అమ్ముడవుతోంది మరి. కన్నుకుట్టదూ?

అంతలో బాబాయి కూతురు వచ్చింది. తనూ అదే క్రీము రాసుకుంటోంది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. ఆ ఎరుపు చూసి, క్రీము పనిచేస్తోందని బాబాయి తెగ మురిసిపోతున్నాడు.

ఆవిడ గబుక్కున నల్లద్దాలు తీసింది. ఎడమ కనుబొమ్మను రెండుగా చీలుస్తూ చిన్న గాటు.

"అమ్మా, ఎండలోకెళ్తే మండుతోందా? వేడి టీ తాగినా?"

"అవునండీ. మీకెలా తెలుసు?"

"వెంటనే చర్మం డాక్టరుకి చూపించుకో. ఆ ట్యూబు కూడా పట్టుకెళ్ళు."

"నా కొట్టుకే వచ్చి నా బేరం చెడగొడతావా?"

బాబాయి విసురుగా అడ్డొచ్చాడు. ఆ విసురుకి చున్నీ జారింది. బుగ్గలూ ముక్కూ కందిపోయి ఉన్నాయి. సన్నటి ఎర్రని నరాలు, పొక్కులు.

"పొద్దున్నే తాగొచ్చావా? ఏదన్నా అంటురోగమా? నడు బయటికి!"

"తాగుడూ కాదు, అంటుకునేదీ కాదు బాబాయిగారూ." ఆవిడ చున్నీ సర్దుకుంది. "పోస్టరు పోనివ్వండి. అమ్మాయిని మాత్రం డాక్టరుకి చూపించండి."

వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. పీడ విరగడైందనుకున్నాడు బాబాయి.

మంట తట్టుకోలేక కూతురు ఏడుస్తుంటే చివరికి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళక తప్పలేదు.

డాక్టరమ్మ ట్యూబు తిప్పి చూసి నిట్టూర్చింది. "ఇందులో స్టెరాయిడ్ ఉంది. అది తెచ్చిపెట్టిన రోజేషియా అనే చర్మరోగం ఇది. మందులు వాడుతూ, ఎండా వేడీ కారం తగ్గిస్తే అదుపులో ఉంటుంది. ఇంకొన్నాళ్ళు రాసుకునుంటే మొహం పాడయ్యేది. ట్యూబు తెమ్మని ఎవరు చెప్పారు?"

"మా కొట్టుకొచ్చిన ఒకావిడ," అంది కూతురు.

బాబాయి తల దించుకున్నాడు. ఆవిడ పేరైనా అడగలేదు. ఎక్కడని వెతకాలి?

తిన్నగా కొట్టుకొచ్చాడు. స్టూలెక్కి పోస్టరు మూల పట్టుకుని లాగబోయాడు. ఇన్నాళ్ళూ తన నెత్తిమీదే ఉన్నా, దాన్ని అంత దగ్గరగా చూడటం అదే మొదలు.

చెయ్యి ఆగిపోయింది.

ట్యూబు పట్టుకుని నవ్వుతున్న ఆ తెల్లటి అమ్మాయి ఎడమ కనుబొమ్మను రెండుగా చీలుస్తూ, చిన్న గాటు.