రెండో కన్ను

అది వర్క్‌షాపు యజమాని నాచిముత్తు కూతురి పెళ్లి సీడీ. మరుదాచలం దాని వెండి పూతంతా బ్లేడుతో గీకేశాడు. నల్ల గీతలు అచ్చువేసిన ప్లాస్టిక్ షీటు అతికించాడు. తల పక్కకు వంచి గీతలు సరిచూసుకుని, రేకులు కొట్టే పవర్ ప్రెస్సు షాఫ్టు చివర బిగించాడు. కోయంబత్తూరులో ఈ పని ఇంత శుభ్రంగా చేసేవాళ్లు తక్కువ.

ప్రతి దెబ్బ తర్వాత ప్రెస్సు పైకి లేచి ఆగాలి. అప్పుడే కింద ఉన్న రేకును చేత్తో తీస్తారు. ఎక్కడ ఆగాలో గీతలు లెక్కపెట్టి చెప్పే చిన్న ఎలక్ట్రానిక్ కళ్లు రెండు అతని అరచేతిలో ఉన్నాయి.

నాచిముత్తుది ఎముక లేని చెయ్యి అని ఎవరూ అనరు. వచ్చి ఆ కళ్లలో ఒకటి లాక్కున్నాడు.

"ఇది పక్క ప్రెస్సుకు. చెరొకటి."

"రెండూ దీనికే కావాలి ముదలాళీ. మెషీన్ల అదురుకు గీత వణుకుతుంది. ఒక్క కన్నయితే ఆ వణుకును కూడా షాఫ్టు తిరగడమే అనుకుంటుంది. లెక్క తప్పితే ఎవరి చెయ్యో పోతుంది."

"ఒక్కటి చాలదంట! ఎవరు చెబుతున్నారో చూడండ్రా!"

షెడ్డంతా పకపకా నవ్వింది. మరుదాచలం తల దించుకుని ఒక్కటే బిగించాడు.

మర్నాడు బెంగళూరు నుంచి ఆర్డరిచ్చే పెద్దమనిషి వచ్చాడు. టీ వేళ, మిగతా మెషీన్లన్నీ ఆగి ఉన్నాయి. నాచిముత్తు తనే ప్రెస్సు ముందు కూర్చుని పెడల్ తొక్కాడు. పదిసార్లు తొక్కితే పదిసార్లూ పైనే ఆగింది.

"జపాన్ సరుకు దండగ సార్! ఇది మా అమ్మాయి పెళ్లి సీడీ!"

పెద్దమనిషి ముచ్చటపడ్డాడు. ఇంతలో టీ అయిపోయింది. మెషీన్లన్నీ ఒక్కసారిగా మొదలయ్యాయి. నేల అదిరింది.

"ఇంకొక్కసారి చూడండి సార్!"

మరుదాచలం ఈసారి వద్దనలేదు. వెనక్కి జరిగి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ప్రెస్సు లేవగానే నాచిముత్తు అలవాటుగా చెయ్యి పెట్టాడు. అది పైన ఆగలేదు.

నాలుగో రోజు ఆసుపత్రిలో, మణికట్టు దగ్గర ముగిసిపోయిన కుడిచేతిని చూసుకుని ఏడ్చాడు నాచిముత్తు.

"ఇక నేనేం పనికొస్తానురా?"

"పనికి ఒక్కటి చాలు ముదలాళీ, ఆరోజు ఇదే ఆసుపత్రిలో మీరే నాతో అన్నారుగా," అంటూ మరుదాచలం, రెండేళ్ల కిందట అదే ప్రెస్సు నుంచి ఎగిరొచ్చిన రేకుముక్క ఖాళీ చేసిన ఎడమ కంటి గుంటను తువాలుతో తుడుచుకున్నాడు.