పెరట్లో సాక్ష్యం

కాపెల్ ఊళ్లో దైవాశీర్వాదం అనే పెద్దమనిషి కోతలకు అంతు లేదు. బోట్స్‌వానా సఫారీ బడలిక తీరకముందే చర్చిలో సాక్ష్యం చెప్పేశాడు. "నది ఒడ్డున మోకరించి ప్రార్థించాను. గొర్రెపిల్లంత గుడ్లగూబ వచ్చి నా బూట్ల మీద వాలింది." అందరూ స్తోత్రమన్నారు.

నిజానికి, గైడు వద్దంటున్నా ఫోన్‌లో గుడ్లగూబ పిల్ల కూత వినిపించి తల్లిని గూటి నుంచి రప్పించాడు. ఈలోగా గూట్లో పిల్లను ఏదో ఎత్తుకుపోయింది. గుడారంలో నిద్రపోతున్న భార్య కరుణకు ఈ సంగతి తెలియదు.

ఆదివారం చీకటి పడ్డాక పెరట్లో అదే పిల్ల కూత వినిపించింది.

"ఏమండీ, ఆ ఫోన్ ఆపుదురూ," అంది కరుణ.

ఫోన్ ఆయన చేతిలోనే ఉంది. స్విచాఫ్ చేసే ఉంది.

కూత ఆగింది. కంచె మీద వాలిన గొర్రెపిల్లంత ఆకారం నుంచి ఒక మగ గొంతు గుసగుసగా పిలిచింది. "రా తల్లీ, ఒక్క ఫోటో."

"అది మీ గొంతేగా? ప్రార్థన చేశానన్నారు?"

బయట గొంతు చిన్నగా నవ్వింది. "పిల్ల పోతే పోయిందిలే. ఎవరు చూశారు గనక."

ఆయన తలుపు వేయబోయాడు. కరుణ చెయ్యి అడ్డం పెట్టి, కుర్చీ గుమ్మం దగ్గరికి లాక్కుంది.

"ఉండండి. దాన్ని పూర్తిగా చెప్పనివ్వండి."