పక్క సీటు

"ఆ సీటు పారేస్తున్నారా బాబూ?"

కళ్లజోళ్ల షాపాయన కారులోంచి తల బయటపెట్టి చూశాడు. గేటు దగ్గర ఓ ముసలాయన, పక్కనే ఖాళీ తోపుడు బండి.

వారమంతా జనం కళ్లు పరీక్షించే ఈ షాపాయనకు సెలవొస్తే చాలు, కారు పిచ్చి పడుతుంది. డీలర్ దగ్గర ఓ పాత కారు కొన్నాడు. దాన్ని రేస్ ట్రాక్ మీద పరిగెత్తించాలని, బావమరిదితో కలిసి షెడ్డులో ఊడదీస్తున్నాడు.

బరువు తగ్గితేనే వేగం. అందుకని చేతికి తగిలిందల్లా పీకేయడమే. వెనక సీటు పోయింది, కింద పరిచిన కార్పెట్ పోయింది. ఇప్పుడు డ్రైవర్ పక్క సీటు వంతు.

"పారేసేదే తాతా. మీకెందుకూ?"

"మా ఆవిడ కూర్చుంటుంది."

బావమరిదికి నవ్వాగలేదు. "ఇంట్లో కుర్చీలు లేవా ఏంటి?"

"ఉన్నాయి. వాటిలో కూర్చోదు."

ఇద్దరూ సీటెత్తి బండిలో పెట్టారు. ముసలాయన కదల్లేదు.

"ఈ కారు మళ్లీ రోడ్డెక్కదా బాబూ?"

"ఇంకెక్కడి రోడ్డు! ఇక ట్రాక్ మీదే దీని బతుకు."

ముసలాయన కారు పైకప్పు మీద ఒకసారి చెయ్యి వేసి, బండి తోసుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ప్రతి సెలవుకీ హాజరు. డ్రైవర్ సీటు మార్చి పందెం సీటు బిగిస్తే పాతది అడిగాడు. స్టీరింగ్ అడిగాడు. డాష్‌బోర్డు, తలుపు లోపలి అట్ట, బెల్టు, ఆఖరికి వెనక చూసుకునే అద్దం కూడా పట్టుకెళ్లాడు. బావమరిది ఆయనకు సామాన్ల తాత అని పేరు పెట్టేశాడు.

"ఇంజన్లో ముక్క అడగడు, టైరు అడగడు. ఈ చెత్తంతా ఏం చేసుకుంటాడు బావా?"

"అదే నాకూ అంతుపట్టట్లేదురా."

"అమ్ముకుంటున్నాడు, ఇంకేముంది! పాత సామాన్ల బజార్లో నిన్న అచ్చం మన సీటే చూశాను."

అంతే, షాపాయనకు ఒళ్లు మండిపోయింది. జాలిపడి ఇస్తుంటే నెత్తికెక్కుతాడా అనుకున్నాడు.

సరిగ్గా అప్పుడే ముసలాయన బండి తోసుకుంటూ వచ్చాడు. గేటు ముందు తుక్కు లారీ ఆగి ఉంది.

"బాబూ, హారన్ తీసేశారా?"

"తీసేశాం. ట్రాక్ మీద హారనెవరికి కావాలి?"

"అదొక్కటి ఇప్పించండి. హారన్ మోగకపోతే మా ఆవిడ సీట్లో కూర్చోదు. లేచి వీధిలోకి వెళ్లిపోతోంది. నేను వెంట పరిగెత్తలేకపోతున్నాను."

"బాగుంది వరస! సీటైంది, స్టీరింగైంది, రేపు షెడ్డు కూడా అడుగుతారా?"

షాపాయన కింద పడున్న హారన్ అందుకుని లారీలోకి విసిరేశాడు. అది తుక్కులో ఎక్కడో అడుగుకి పోయింది.

లారీ మలుపు తిరిగేదాకా ముసలాయన దాన్నే చూస్తూ నిలబడ్డాడు. ఖాళీ బండి తోసుకుంటూ వెళ్లిపోయాడు.

పందెం ఇక తెల్లవారితే అనగా, ట్రాక్ తరఫున ఓ తనిఖీదారు షెడ్డుకొచ్చాడు. కారు పల్టీ కొట్టినా తట్టుకునేలా లోపల బిగించిన ఇనప గొట్టాల చట్రం లాగి చూశాడు, బ్రేకులు చూశాడు. డ్రైవర్ సీట్లో కూర్చుని చటుక్కున తలెత్తాడు.

"లోపలి అద్దం ఏదయ్యా?"

"బరువని తీసేశామండీ."

"అరచెయ్యంత అద్దం బరువా! వెనక ఎవరొస్తున్నారో చూడకుండా నడిపేస్తావా? రేపటికి అద్దం లేకపోతే లోపలికే రానివ్వను."

ఆయన వెళ్లగానే బావమరిది అందుకున్నాడు. "కళ్లజోళ్ల షాపు పెట్టుకుని, చూసుకునే అద్దమే ఇచ్చేశావు బావా!"

అలాంటి అద్దం ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది. అయినా షాపాయన ముసలాయన ఇంటికే బయల్దేరాడు. అద్దం ఓ సాకు. ఆ సామానంతా ఏం చేస్తున్నాడో కళ్లారా చూడాలని ఒకటే ఉబలాటం.

అడుగుతూ వెళ్తే, అదే వీధి చివర మేడ మెట్ల కింద గది. తలుపు తీసే ఉంది.

గుమ్మంలో అడుగుపెట్టి అక్కడే ఆగిపోయాడు.

గది మధ్యలో పక్కపక్కనే రెండు సీట్లు. ముందు చెక్కపెట్టె మీద డాష్‌బోర్డు, దానికి బిగించిన స్టీరింగ్. పైనుంచి తీగతో వేలాడుతున్న అద్దం. తలుపు అట్టను గోడకు మేకులు కొట్టి నిలబెట్టారు. పక్క సీట్లో ఓ ముసలావిడ చక్కగా తల దువ్వుకుని, ఒళ్లో చేతిసంచీతో, బెల్టు పెట్టుకుని కూర్చుంది. డ్రైవర్ సీట్లో ముసలాయన.

"ఆపేశారేమండీ?" అంది ఆవిడ. షాపాయన్ని చూసి, "ఓహో, ఎవరో అబ్బాయి అడ్డంగా నిలబడ్డాడు. హారన్ కొట్టండి. గట్టిగా వద్దు, పాపం ఉలిక్కిపడతాడు" అంది.

ముసలాయన షాపాయన వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఏమీ అనుకోకండి బాబూ. అన్నీ మర్చిపోయింది. నన్ను కూడా. ఈ సీట్లో కూర్చుంటేనే పక్కనున్నది నేనని గుర్తొస్తుంది."

లారీలోకి విసిరేసిన హారన్ కళ్లముందు మెదిలి, షాపాయన సిగ్గుతో చచ్చిపోయాడు. అద్దం మాట ఇక నోటికి రాలేదు.

"హారన్ కొట్టరేమండీ?" ఆవిడ గొంతులో కంగారు. చెయ్యి బెల్టు విప్పడానికి పోతోంది.

అదే కారును కొత్తగా కొని, అదే సీట్లో ఆవిడను కూర్చోబెట్టుకుని ఇంటికి తెచ్చిన ఆ మొదటి ఆసామి, స్టీరింగ్ మధ్యన అరచెయ్యి నొక్కి నోటితో "పీప్... పీప్..." అన్నాడు, షాపాయన గబుక్కున పక్కకు తప్పుకుని దారిచ్చాడు.