ఆఖరి జత సిలిండర్లు

షెడ్డు గుమ్మంలో ఎవరో దగ్గారు.

నోరిస్ సగ్డెన్ తల ఎత్తలేదు. ఇనప దిమ్మ మీద గీత గీస్తున్నాడు. ఆ పని మధ్యలో దేవుడొచ్చినా కాసేపు నిలబడాల్సిందే.

"లోపలికి రావచ్చా నాయనా?"

ఎనభై దాటిన ముసలావిడ. కోటు వానకు తడిసిపోయింది. చేతిలో బిస్కట్ల డబ్బా.

చర్చిలో పాత సామాన్ల అమ్మకానికి ఏదైనా అడగడానికి వచ్చిందనుకున్నాడు.

"గుమ్మం పక్కన పాత కెటిల్ ఉంది. తీసుకెళ్లండి అమ్మగారూ."

"కెటిల్ నేనేం చేసుకోను? లీడ్స్ నుంచి రెండు బస్సులు మారి వచ్చాను. నీ ఇంజను చూద్దామని."

అప్పుడు తల ఎత్తాడు. ఇంజను చూస్తానన్న మనిషిని పొమ్మనడం నోరిస్ వల్ల కాదు.

షెడ్డు మధ్యలో బల్ల మీద ఉంది ఇంజను. మోకాలెత్తు ఉంటుంది. బొమ్మ కాదు. నిజం బొగ్గు, నిజం ఆవిరి. పూర్తయితే, ఇలాంటి ఇంజన్లు చేసుకునేవాళ్ల క్లబ్బు పట్టాల మీద ఆరుగురిని కూర్చోబెట్టుకుని లాగుతుంది.

బస్సు డిపోలో ఫిట్టరుగా రిటైరైన మర్నాడు మొదలుపెట్టాడు. తొమ్మిదేళ్లయింది. భార్య డోరీన్ దాన్ని 'మా సవతి' అంటుంది.

ఇక మిగిలింది సిలిండర్లే. వాటి కోసం అచ్చుపోసిన ఇనప దిమ్మలే ఇప్పుడు అతని ముందున్నవి. అవి పోసే ఫౌండ్రీ ఎప్పుడో మూతపడింది. అచ్చులు ఏమయ్యాయో ఎవరికీ తెలియదు. దేశమంతా గాలిస్తే ఈ ఒక్క జత దొరికింది. ఇవి పోతే ఇంజను లేదు.

"ఆవిరి దారులు ఇంకా తొలవలేదు కదా?" ఆవిడ గొంతులో ఆత్రం.

"ఇవాళే."

"హమ్మయ్య."

గోడకున్న డ్రాయింగ్ దగ్గరికి వెళ్లింది. కళ్లజోడు పెట్టుకుంది. ఏమీ వెతుక్కోకుండా నేరుగా ఒక అంకె మీద వేలు పెట్టింది.

"ఇక్కడ అంగుళంలో ఐదు పదహారో వంతులని ఉంది. మూడు ఉండాలి. ఐదుకు తొలిచావంటే లోపల రెండు దారుల మధ్య గోడకు చిల్లు పడుతుంది."

నోరిస్ చేతులు తుడుచుకున్నాడు.

"అమ్మగారూ, ఇది ఎవరి డ్రాయింగో తెలుసా?"

"ట్రాస్క్ గారిది."

"మరి! ఇళ్లల్లో ఇంజన్లు చేసుకునే మా అందరికీ అరవై ఏళ్లుగా ఆయన గీతే వేదం. ట్రాస్క్ తప్పు చేశాడంటారా?"

"అయ్యో, ఆయన చెయ్యలేదు."

"అయితే డ్రాయింగ్ సరైనదే."

"కాదు నాయనా. తప్పు."

నోరిస్ పగలబడి నవ్వాడు.

"డోరీన్! ఇలా రా! ట్రాస్క్ తప్పు చెయ్యలేదట, డ్రాయింగ్ మాత్రం తప్పట!"

డోరీన్ టీ కప్పుతో వచ్చింది. "అంత దూరం నుంచి వానలో వచ్చిన మనిషి. కాస్త వినరాదూ?"

"వింటున్నాగా. మీరెన్ని ఇంజన్లు చేశారు అమ్మగారూ?"

"ఒక్కటీ చెయ్యలేదు."

"అయితే వెళ్లి కేకులు చేసుకోండి."

ఆవిడ ముఖం ఎర్రబడింది. ఏదో చెప్పబోయి డోరీన్ వంక చూసి ఆగిపోయింది.

"ఒక్కసారి కొలిచి చూడు నాయనా. ఇనుము మళ్లీ అతకదు."

డబ్బా బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. టీ కూడా తాగలేదు.

నోరిస్ కొలవలేదు. ట్రాస్క్‌ని కొలవడమేమిటని పౌరుషం. ఆ సాయంత్రమే ఐదుకు తొలిచాడు. ఒకటి కాదు, రెండు సిలిండర్లూ.

తర్వాత ఆవిరి లోపలికి వచ్చే దారిలో నీళ్లు పోసి చూశాడు. బయటికి పోయే దారిలోంచి బొటబొటా కారాయి.

రెండోదీ అంతే.

స్టూలు మీద కూర్చున్నాడు. డోరీన్ వచ్చి చూసి, భుజం మీద చెయ్యి వేసింది.

ఆదివారం క్లబ్బులో స్నేహితుడు క్లెమ్‌ని పట్టుకున్నాడు. క్లెమ్‌దీ అదే ఇంజను. పిల్లల్ని ఎక్కించుకుని దర్జాగా తిరుగుతోంది.

"నీ సిలిండర్లు ఎంతకు తొలిచావురా?"

"మూడుకి. ఏం, నీ దగ్గరికి ఐవీ రాలేదా? బిస్కట్ల ముసలావిడ?"

"వచ్చింది. నవ్వి పంపేశాను."

"ఓరి నీ తెలివి తెల్లారా!"

"తెల్లారింది. రెండూ పోయాయి. నువ్వెందుకు చెప్పలేదురా నాకు?"

"చెప్పొద్దని మాట తీసుకుంది. తన నోటితో తనే చెప్పుకోవాలట. మా ఇంట్లో టీ తాగుతూ ఏడ్చేసింది పాపం."

"ఆవిడ అడ్రసియ్యి. క్షమించమని అడగాలి."

క్లెమ్ టోపీ తీశాడు.

"మంగళవారం పోయిందిరా. గుండె. ఆ డ్రాయింగ్ కొన్న నలభై ఒక్క ఇళ్లూ తిరిగింది. నీదే ఆఖరిది."

నోరిస్ కూడా తన టోపీ తీశాడు.

"ఇన్నేళ్లూ ఇంకెవరికీ తెలియలేదా ఈ తప్పు?"

"చిల్లు పడ్డ ప్రతివాడూ తన చెయ్యే జారిందనుకున్నాడు. ట్రాస్క్‌ని అనుమానించేదెవరు? పోయినేడు ఆయన పెన్సిల్ కాగితాలు ప్రదర్శనకు పెట్టారు. వాటిలో మూడే ఉంది. ఆవిడ చూసింది."

"ఎవర్రా ఆవిడ? ట్రాస్క్ గారి భార్యా? చెల్లెలా?"

"ఏమీ కాదు. ట్రాస్క్ డ్రాయింగులు అచ్చేసిన పత్రిక ఆఫీసులో, ఆయన పెన్సిల్ గీతలకు సిరాతో నకళ్లు తీసేది. పంతొమ్మిదేళ్ల పిల్ల అప్పుడు," అన్నాడు క్లెమ్. "ఆ మూడుని ఐదు చేసిన చెయ్యి ఆవిడదే."