బిగించని రేకు

"పిల్లనిస్తామన్నవాళ్ళకి నా గురించి ఏం చెప్పావు?" అంటూ తమ్ముడు పెరటి షెడ్డులోకి దూసుకొచ్చి అన్నయ్య కాలరు పట్టుకున్నాడు.

డ్రిల్లింగ్ మిషను మీద ఇనపరేకు కదలకుండా క్లాంపు బిగిస్తున్నాడు అన్నయ్య. "తాగుతావని చెప్పాను. అబద్ధమా?"

"సొంత అన్నవై ఉండి నా నోట్లో మట్టి కొట్టావు."

"మరి ఆ పిల్ల గొంతు కొయ్యమంటావా?"

తమ్ముడు అన్నయ్య చెంప మీద లాగి కొట్టాడు. అన్నయ్య గోడకి తూలాడు. సగం బిగిసిన క్లాంపుని ఊడబెరికి మూలకి విసిరాడు తమ్ముడు.

"నీకు అన్నీ బిగించి పెట్టాలి, మనుషుల్ని కూడా. దీనికి చెయ్యి చాలు, చూడు."

స్విచ్ వేసి, ఒక చేత్తో రేకు పట్టుకుని, రెండో చేత్తో మిషను పిడి కిందికి లాగాడు.

"వద్దురా, రేకు తిరిగిపోతుంది," అంటూ అన్నయ్య అడ్డం దూకాడు.

తిరుగుతున్న డ్రిల్లు బిట్టు రేకుని పట్టేసింది. రేకు తమ్ముడి చేతిలోంచి ఊడి గిర్రున తిరిగింది. అన్నయ్య అతన్ని భుజంతో వెనక్కి నెట్టి స్విచ్ ఆపేలోగా, అది అన్నయ్య ముంజేతిని ఎముక దాకా కోసేసింది. రక్తం గోడ మీదికి చిమ్మింది.

కిందపడ్డ తమ్ముడు తిట్లు తప్పవనుకున్నాడు. అన్నయ్య తెగిన చెయ్యి పొట్టకి అదుముకుంటూ పక్కన కూలబడ్డాడు.

"చేతులు చూపించు. వేళ్ళన్నీ ఉన్నాయా?"

అన్నీ ఉన్నాయి.

తమ్ముడు చొక్కా విప్పి ఆ గాయానికి చుట్టి గట్టిగా అదిమిపట్టాడు. "నువ్వు వాళ్ళకి చెప్పింది నిజమే. ఇప్పుడు కూడా తాగే వచ్చాను."

"వాసన వస్తోంది. ముందు పట్టు సడలించకు."

ఆసుపత్రిలో నర్సు వచ్చి తన వేళ్ళు విడదీసేదాకా తమ్ముడు ఆ పట్టు వదల్లేదు.